మూడు నెలలు ఒక్కటే పాట నేర్పిన లింగరాజపురం బేస్ గిటార్ క్లాసు గురించి

బెంగళూరులో బేస్ గిటార్, అదే లావు తీగలతో గంభీరంగా మోగే గిటార్, ఎక్కడ నేర్చుకుంటే బాగుంటుందని ఆఫీసులో ముగ్గురు, ఊర్నుంచి మా బావమరిది ఒకడు, ఇప్పటికి నలుగురు అడిగారు. ప్రతివాళ్ళకీ ఫోన్లో అరగంట చెప్పేకన్నా ఒకసారి వివరంగా రాసేస్తే అయిపోతుంది కదా అని కూర్చున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, ఎందుకంటే ఈ క్లాసు గురించి చెప్పాలంటే 'స్టాండ్ బై మీ' అనే పాత ఇంగ్లీషు పాట గురించి చెప్పాలి, ఆ పాట సంగతి వదిలేసి క్లాసు బాగుంది ఫీజు ఇంత అని రాస్తే మీకేం అర్థం కాదు.

ముందు అడ్రసు. లింగరాజపురం ఫ్లైఓవర్ దిగాక లోపలి వీధుల్లో ఒక చర్చి వెనక, మూడంతస్తుల ఇంటి డాబా మీద ఒక్క గది. బోర్డు లేదు, మ్యాప్‌లో పెట్టలేదు. సార్ పేరు రాయట్లేదు, ఆయనే వద్దన్నారు, ఉన్న తొమ్మిదిమందికి చెప్పడానికే టైం చాలట్లేదంట, కావాల్సినవాళ్ళు నన్నడిగితే నంబరిస్తా. వయసు అరవై దాటింది. సొంతూరు కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. వాళ్ళ నాన్నగారు చాంపియన్ రీఫ్ గనిలో పని చేస్తూ శనివారం రాత్రుళ్ళు క్లబ్బులో డాన్సులకి బ్యాండులో డబుల్ బేస్ వాయించేవాళ్ళంట, అదే మనిషంత ఎత్తు ఉంటుందే, నిలబెట్టి వాయిస్తారే, అది. 2001లో గనులు మూసేశాక ఇంటిల్లిపాదీ బెంగళూరు వచ్చేశారు. ఇంట్లో తెలుగే, కాకపోతే కోలారు తెలుగు, మధ్యలో కన్నడం తమిళం కలిసిపోయి వస్తుంది, మన కోస్తావాళ్ళకి మొదటి రెండు క్లాసులు చెవి అలవాటు పడాలి అంతే, తర్వాత ఆ "ఏమప్పా" అనే పిలుపు వినకపోతే వారం గడవదు.

నేను ఆయన దగ్గరికి ఎందుకెళ్ళానో కూడా చెప్పాలి. అంతకుముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకి ఏడాది డబ్బు ఒకేసారి కట్టా. నెలలో 30 పాటలు అని వాళ్ళ ప్లాను. స్క్రీన్ మీద నంబర్లు దొర్లుతుంటాయి, ఆ నంబరున్న ఫ్రెట్ మీద, అంటే గిటార్ మెడ మీది గడిలో, వేలు పెట్టి మీటాలి, కరెక్టయితే ఆకుపచ్చ, తప్పయితే ఎరుపు. నాలుగు నెలల్లో పాటలైతే చాలానే కొట్టా. తర్వాత ఆఫీసు యాన్యువల్ డేకి మావాళ్ళతో కలిసి వాయిద్దామని కూర్చుంటే మొదటి నిమిషంలోనే చేతులెత్తేశా, డ్రమ్స్ కొట్టేవాడు కొంచెం నెమ్మదించగానే నేనెక్కడున్నానో నాకే తెలియలేదు, స్క్రీన్ లేకపోతే నా చేతికి ఏమీ రాదని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి ఇంటికొచ్చాక చాలా బాధేసింది. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు తిరిగివ్వమంటే కుదరదన్నారు, అది వేరే కథ.

సరే, మొదటి క్లాసు. శనివారం సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు. నేను గిటార్ బ్యాగులోంచి తీయబోతుంటే "అది అట్లే ఉండనీ నాయనా, కూసో" అన్నారు. గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక స్టూలు, గుడ్డ అతుకులేసిన పాత ఆంప్లిఫయర్, గోడకి వాళ్ళ నాన్నగారి ఫొటో, పక్కన ఆ డబుల్ బేస్ పట్టుకుని బ్యాండు మొత్తం దిగిన ఫొటో. ఫోన్ని చిన్న స్పీకర్‌కి పెట్టి ఒక పాట వేశారు. మూడు నిమిషాల పాట. అయిపోయాక "ఏం వినపడె?" అన్నారు. గొంతు బాగుంది సార్ అన్నా. మళ్ళీ వేశారు. "ఇప్పుడు?" వయొలిన్లు అన్నా. మూడోసారి వేసి, ఈసారి గొంతు మొదలవ్వకముందే ఆపేశారు, అంటే మొదటి పదిహేను సెకన్లే. అప్పుడు వినపడింది. కింద ఒక్కటే బేస్, డుం, డుం, డుడు డుం, డుం. దాని పక్కన ఒక టింగ్‌మనే చప్పుడు, ఇంకోటి గరగరా గీకినట్టు. అంతే, ఇంకేం లేదు. ఇంత ఖాళీగా మొదలయ్యే పాట అంతకుముందు నేనైతే వినలేదు, విన్నా పట్టించుకోలేదు.

ఆ గీకుడు చప్పుడు ఏంటి సార్ అంటే ఆయన జేబులోంచి దువ్వెన తీసి, బల్ల మీదున్న స్టీలు గ్లాసు అంచుకి పళ్ళు ఆనించి లాగారు, గర్ర్ చిక్. ఇంకోసారి, గర్ర్ చిక్. ఎడమచేత్తో అదే లాగుతూ నోటితో బేస్ పాడారు, నన్ను చెంచాతో ఇంకో గ్లాసు మీద టింగ్ కొట్టమన్నారు. రెండు గ్లాసులు, ఒక చెంచా, ఒక దువ్వెన, ఒక ముసలాయన గొంతు, ఇరవై నిమిషాలు. గిటార్ బ్యాగులోనే ఉంది. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు కమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర బండి మీద కూర్చుని కూడా నా కాలు అదే కొడుతోంది.

అదే ఆ 'స్టాండ్ బై మీ'. పాడింది బెన్ ఈ కింగ్. 1960 అక్టోబర్ 27న న్యూయార్క్‌లో రికార్డు చేశారు, 1961లో బయటికొచ్చింది. పేరు వినకపోయినా పాట మీరు వినే ఉంటారు, పెళ్ళి వీడియోల్లో, యాడ్‌లలో, కేఫెల్లో, ఎక్కడో ఒకచోట. చీకటి పడింది, దారిలో వెలుతురు చంద్రుడొక్కడే, అయినా నువ్వు పక్కన నిలబడితే నాకు భయం లేదు అని మొదలవుతుంది, రెండో చరణంలో ఆకాశం విరిగి పడినా కొండలు సముద్రంలో కూలినా ఏడవను అంటాడు.

మూడు నెలలు ఈ ఒక్క పాటే చెప్పారు. ఇది చెప్తే మా ఫ్రెండ్స్ డబ్బు దండగ అన్నారు. నాకైతే నేను చదువుకున్న చదువులన్నిటిలో ఇదే మంచి బేరం అనిపిస్తుంది, ఎందుకో చెప్తా.

పాట మొత్తానికి ఎనిమిది ఆవర్తాలు, సార్ బార్ అంటారు. అవే ఎనిమిది పల్లవికీ, అవే ఎనిమిది చరణానికీ, మధ్యలో వయొలిన్లు విజృంభించేచోటా అవే. నేను చిన్నప్పుడు ఒంగోల్లో పక్కింటి టీచర్‌గారి దగ్గర రెండేళ్ళు గాత్రం నేర్చుకున్నానని చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది, "అట్లయితే సులభం గదప్పా, శంకరాభరణమే ఇది" అని స్వరాల్లో చెప్పారు. రెండు బార్లు స. రెండు బార్లు మంద్రంలో, అంటే స కన్నా కింద, ద. ఒక బారు మ, ఒక బారు ప. మళ్ళీ రెండు బార్లు స. అయిపోయింది. బేస్ మీద మొదటి స తెరిచిన తీగే, ఇంగ్లీషు A అక్షరం పేరున్న తీగ, వేలు పెట్టక్కర్లేదు. ద పై లావు తీగ మీద రెండో ఫ్రెట్. వారం రోజుల్లో ఎవరికైనా చేతికొచ్చేస్తుంది.

చేతికి రావడం వేరు, నిలబడటం వేరు. ఇక్కడే ఆయన గొప్పతనం. రెండో నెలంతా నన్ను అదే ఎనిమిది బార్లు వాయిస్తూ ఉండమని ఆయన కీబోర్డ్ మీద నన్ను పడగొట్టడానికి చూసేవాళ్ళు. ఒకసారి వయొలిన్ల భాగం వాయిస్తారు, ఒకసారి గొంతెత్తి పాడతారు, ఒకసారి తాళం తప్పించి కొడతారు, ఒకసారి అసలు ఏమీ వాయించకుండా కిటికీ దగ్గరికెళ్ళి నిలబడతారు. నేను మాత్రం కదలకూడదు. ఎదుటివాళ్ళు గట్టిగా వాయిస్తే నా చెయ్యి కూడా గట్టిగా పడేది, వాళ్ళు ఆపితే నాది తేలిపోయేది. "ఎందుకట్ల ఒత్తేది, ఇనుము కాదది. పాడే ఆయన ఎంత అరిచినా నువ్వు అరవద్దు, నువ్వు నేల." ఈ మాట నాకు చెవిలో ఉండిపోయింది. రికార్డింగ్ మళ్ళీ వింటే అదే కనపడుతుంది, ముందు బేస్ ఒక్కటే, తర్వాత గొంతు వచ్చి చేరుతుంది, వెనక కోరస్ వస్తుంది, వయొలిన్లు వస్తాయి, పాట ఇంటి కప్పు దాకా లేస్తుంది, కింద బేస్ మాత్రం మొదటి సెకన్లో ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది. పక్కన నిలబడు అనే పాటలో నిజంగా నిలబడి ఉన్నది అదే. ఆ బేస్ వాయించినాయన లాయిడ్ ట్రాట్‌మన్. ఆ పేరు ఎంతమందికి తెలుసు చెప్పండి. సార్ మాత్రం ప్రతి కొత్త స్టూడెంటుకీ పాడినాయన పేరుకన్నా ముందు ఈ పేరు చెప్తారు.

ఈ బేస్ లైన్ ఎలా పుట్టిందో కూడా ఆయన దగ్గరే విన్నా, తర్వాత నేనూ చదువుకున్నా. పాట రాసినవాళ్ళలో కింగ్‌తో పాటు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ ఉన్నారు. కింగ్, లీబర్ కూర్చుని మాటలు సరిచేసుకుంటుంటే స్టోలర్ తర్వాత వచ్చి పియానో దగ్గర కూర్చుని కింద ఈ నడక కట్టాడంట. రికార్డు మీద రచయితలుగా కింగ్ పక్కన ఎల్మో గ్లిక్ అని ఉంటుంది, అలాంటి మనిషే లేడు, లీబర్ స్టోలర్ ఇద్దరూ కలిసి పెట్టుకున్న మారుపేరు. వీళ్ళకి అప్పటికే బ్రెజిల్ నుంచి వచ్చిన బయావ్ అనే నడక మీద మోజు, 1959లో ఇదే కింగ్ డ్రిఫ్టర్స్ అనే గ్రూపులో ఉన్నప్పుడు పాడిన పాటకి ఆ నడక వేసి, దాని మీద వయొలిన్లు పెట్టి పెద్ద హిట్టు కొట్టారు. 'స్టాండ్ బై మీ' బేస్‌లో ఆ ఊపు ఉంది కాబట్టే అది మామూలు చర్చి పాటలా సాగదు, లోపల ఒక డాన్సు ఉంటుంది.

ఇంకో సంగతి, ఆ నాలుగు కార్డ్స్, అంటే స, ద, మ, ప మీద కలిపి మోగించే స్వరాల గుత్తులు, వీళ్ళు కనిపెట్టినవి కావు. 50లలో అమెరికా కుర్రాళ్ళు వీధి మూలల్లో నిలబడి గుంపుగా పాడుకున్న పాటల్లో సగం వాటి మీదే ఉన్నాయి. మన సినిమా పాటల్లో కూడా అవి బోలెడు. మరి ఈ పాటకెందుకంత పేరు అంటే, సార్ మాట ప్రకారం, మిగతావాళ్ళు ఆ నాలుగు మెట్లూ సమానంగా ఎక్కేశారు, వీళ్ళు మొదటి రెండు మెట్ల దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని తర్వాతి రెండూ గబగబా ఎక్కి మళ్ళీ ఇంటికొచ్చి కూర్చున్నారు. స దగ్గర రెండు, ద దగ్గర రెండు, మ ప ఒక్కోటి, స రెండు. కావాలంటే మీరు మామూలుగా ఒక్కో బారు వాయించి చూడండి, పాట పారిపోతుంది.

ఇక మూడో నెల, నాకు బాగా నచ్చిన నెల. ప్రతి శనివారం ఒక హోంవర్కు. ఒకే పాట, వేరేవాళ్ళు చేసిన వెర్షన్లు, వీటిలో బేస్ ఎక్కడికి పోయిందో వెతుక్కుని రా అని. ఈ పాటని నాలుగొందల మందికి పైగా పాడారంటారు, అవన్నీ వినలేం కానీ పన్నెండు విన్నాం.

జాన్ లెన్నన్ 1975లో పాడింది మొదటి వారం. అక్కడ మొదలయ్యేది గిటార్ స్ట్రమ్మింగుతో, గొంతు చించుకుని పాడతాడు, బేస్ వెనక్కి వెళ్ళిపోయింది. వినడానికి చాలా బాగుంటుంది, కానీ అందులో భయపడేవాడు కనిపిస్తాడు, తోడు నిలబడినవాడు కనిపించడు. ఇది నా అభిప్రాయం, క్లాసులో చెప్తే సార్ ఒప్పుకోలేదు, ఆయన లెన్నన్ అభిమాని. తర్వాత మిక్కీ గిల్లీ 1980 కంట్రీ వెర్షన్, అమెరికాలో కంట్రీ చార్టులో ఒకటో నంబరుకి వెళ్ళింది, నాకు పెద్దగా ఎక్కలేదు. ముహమ్మద్ అలీ, బాక్సరే, అప్పటికి కాషియస్ క్లే, ఆయన కూడా 1963లో పాడాడు. పెద్ద గాయకుడు కాదు, కానీ ఆ బేస్ అందుకోగానే ఎవరైనా దాని మీద నడవగలరని అర్థమవుతుంది.

ఈ మధ్యలో పాత పాటే రెండో జన్మ ఎత్తింది. 1961లో అమెరికా పాప్ చార్టులో నాలుగు దాకా వెళ్ళిన రికార్డు, 1986లో అదే పేరుతో సినిమా వస్తే మళ్ళీ తొమ్మిది దాకా వచ్చింది, 1987లో జీన్స్ యాడ్ పుణ్యమా అని ఇంగ్లండులో ఒకటో స్థానం. అదే గొంతు, అదే టేపు, పాతికేళ్ళ తర్వాత. కొత్తగా ఏమీ కలపలేదు.

2007లో షాన్ కింగ్‌స్టన్ చేసినది మన తరంవాళ్ళకి బాగా తెలుసు, 'బ్యూటిఫుల్ గర్ల్స్', నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు కారిడార్ అంతా అదే మోగేది. అప్పుడు నాకు ఇది ఎవరిదో తెలియదు, కొత్త పాటే అనుకున్నా. సార్ ఫోన్లో రెండూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తే ఒళ్ళు జలదరించింది. మాటలు వేరు, బాణీ వేరు, జమైకా వాళ్ళ రెగ్గే పూత పూశాడు, కింద మాత్రం అదే డుం, డుం, డుడు డుం, డుం. అమెరికాలో నాలుగు వారాలు ఒకటో నంబరు. రచయితల్లో కింగ్, లీబర్, స్టోలర్ పేర్లు కూడా వేశారు. అంటే చూడండి, గొంతు తీసేశారు, సాహిత్యం తీసేశారు, వయొలిన్లు తీసేశారు, అన్నీ తీసేసినా పాట మిగిలింది. పునాది మీద ఇంకొకడు ఇల్లు కట్టుకున్నాడు. నాకు హాస్టల్లో నచ్చింది కూడా ఆ పునాదేనని ఇన్నేళ్ళకి తెలిసింది.

ప్రిన్స్ రాయిస్ అని ఒకతను, న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టాడు, అమ్మానాన్నలది డొమినికన్ రిపబ్లిక్. 2010లో సగం ఇంగ్లీషు సగం స్పానిష్‌లో ఈ పాటని బచాటా, అంటే డొమినికన్ వాళ్ళ డాన్సు సంగీతం, చేశాడు. బచాటాలో గూయిరా అని ఒక లోహపు గొట్టం ఉంటుంది, దాన్ని గీకుతూ తాళం పట్టుకుంటారు, అది లేకపోతే ఆ సంగీతమే లేదు. నేను వింటూ ఠక్కున ఆపేశా. 1960 రికార్డులో మూలన గర్ర్ చిక్ అని వినపడే ఆ చిన్న చప్పుడు ఇక్కడ నడిమింట్లోకి వచ్చి కూర్చుంది. లాటిన్ వాళ్ళ నడక న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పాటలోకి వచ్చింది, యాభై ఏళ్ళు తిరిగి అదే న్యూయార్క్‌లో లాటిన్ కుర్రాడి చేతికి తిరిగొచ్చింది. ఆ వారం నేను క్లాసుకి దువ్వెన పట్టుకెళ్ళా.

2018లో ఇంగ్లండు రాజుగారింటి పెళ్ళిలో, హ్యారీ మేగన్‌ల పెళ్ళి, మే 19న, కింగ్డమ్ కొయిర్ అనే గాయకబృందం పాడింది కూడా విన్నాం. కారెన్ గిబ్సన్ చేతులాడిస్తూ నిలబడి పాడించారు. పాట అక్కడ తను పుట్టిన చోటికే వెళ్ళినట్టు ఉంటుంది, చర్చిలోకి.

ఇది మా అమ్మ కథ కూడా. ఆ వారం ఫోన్లో అమ్మకి ఈ పాట వినిపించి అర్థం చెప్పా, కొండలు సముద్రంలో పడినా భయపడను అంటున్నాడమ్మా అని. అమ్మ వెంటనే "ఇది నలభై ఆరో కీర్తన కదరా" అంది. భూమి మారిపోయినా కొండలు సముద్రం మధ్యలో మునిగినా మనం భయపడం అని ఉంటుంది అందులో, మా అమ్మమ్మకి నోటికొచ్చు, 90 తుఫానుకి ఇంటి రేకులు ఎగిరిపోయిన రాత్రి పిల్లలందర్నీ మంచం కింద కూర్చోబెట్టి అదే చదివిందంట. నేను శనివారం వెళ్ళి సార్‌కి చెప్తే ఆయన కాసేపేం మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, ఈ పాటకి ముందు ఇంకో పాట ఉంది, చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అని ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ళ చర్చి పాస్టర్, ఆయన తండ్రి బానిస, ఆయన 1905లో దేవుణ్ణి నా పక్కన నిలబడు అని అడుగుతూ ఒక కీర్తన రాశాడు. 1959లో శామ్ కుక్ కూడా చెయ్యేసి అదే అడుగు మీద సోల్ స్టిరర్స్ గ్రూపుకి ఇంకో భక్తిపాట కట్టాడు. కింగ్ వీటి మీదే తన పాట అల్లుకున్నాడు, కాకపోతే ప్రభువా అని అడగాల్సినచోట డార్లింగ్ అన్నాడు. సోల్ సంగీతం అంటేనే అది, చర్చిలో నేర్చుకున్న గొంతుని పట్టుకొచ్చి మనిషి కోసం పాడటం. ఇన్ని మాటలు చెప్పి ఆయన "మీ అమ్మ సరిగ్గా పట్టుకునింది సూడు, మనం మూడు నెలలు కొట్టినాం, ఆమె ఒకే మాటలో చెప్పేసింది" అన్నారు. అమ్మకి చెప్తే ఎంత సంతోషపడిందో.

ఇంకో వెర్షన్ చెప్పకపోతే మనసొప్పదు. రోజర్ రిడ్లీ అని అమెరికాలో శాంటా మోనికా వీధిలో గిటార్ పట్టుకుని పాడుకునే ఒకాయన. ఆయన పాడింది రికార్డు చేసి, దాన్ని దేశాలు తిరిగి వేరేవేరే వీధుల్లో వాయించుకునేవాళ్ళకి హెడ్‌ఫోన్లో వినిపించి, దాని మీదే ఒక్కొక్కళ్ళ చేత పాడించి వాయించి కలిపారు. ప్లేయింగ్ ఫర్ చేంజ్ వాళ్ళ వీడియో, 2008లో వచ్చింది. ఒకరినొకరు చూడనివాళ్ళు అంతమంది ఒకే పాటలో ఎలా నిలబడగలిగారంటే, ఆ ఎనిమిది బార్లు అంత గట్టివి కాబట్టి. మా సార్ రెండో నెల నాకు పెట్టిన పరీక్షే అది, ప్రపంచమంత పెద్దగా. సార్ ఈ వీడియో చూపించేటప్పుడు కళ్ళు తుడుచుకున్నారు, నేను చూశా.

బెన్ ఈ కింగ్ 2015 ఏప్రిల్ 30న పోయారు. అదే సంవత్సరం అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ రికార్డుని జాతి దాచుకోవాల్సిన రికార్డింగుల్లో చేర్చింది. అంతకుముందే, 1999లో, బీఎంఐ అనే సంస్థ అక్కడి రేడియో టీవీల్లో 20వ శతాబ్దంలో ఎక్కువసార్లు మోగిన పాటల లిస్టు వేస్తే ఇది నాలుగోది, దాదాపు 70 లక్షలసార్లు.

ఇప్పుడు క్లాసులో నచ్చనివి కూడా రాయాలి, లేకపోతే మీరు వెళ్ళి నన్ను తిట్టుకుంటారు. గది మీద రేకుల కప్పు, ఏప్రిల్ మే నెలల్లో ఉడికిపోతారు, ఒక్కటే ఫ్యాను, అదీ పాట వినేటప్పుడు చప్పుడని ఆపేస్తారు. వానొస్తే రేకుల మీద మోతకి బేస్ అస్సలు వినపడదు, రెండు క్లాసులు అలా పోయాయి నాకు, వాటికి బదులు క్లాసులు మాత్రం ఇచ్చారు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, చర్చి గోడ పక్కన పెట్టాలి, ఆదివారం పొద్దున అయితే అదీ కుదరదు. కారులో వెళ్ళకండి. నొటేషన్ ఇవ్వరు, ట్యాబ్, అంటే ఫ్రెట్ నంబర్లు రాసిన కాగితం, ఇవ్వరు, రికార్డు చేసుకుంటామంటే ఒప్పుకోరు, చెవితోనే పట్టుకోవాలి, మొదటి నెల దీనికి నాకు కోపం కూడా వచ్చింది, ఇంటికెళ్ళి గుర్తు రాక ఫోన్ చేస్తే ఫోన్లోనే నోటితో పాడి పెట్టేసేవాళ్ళు. పరీక్షలూ సర్టిఫికెట్లూ లేవు, గ్రేడ్ ఎగ్జామ్స్ కావాలనుకునే పిల్లల తల్లిదండ్రులు వేరే చోటు చూసుకోవడం మంచిది. డిసెంబర్ మొత్తం సెలవు, ఆయన చర్చి వాళ్ళతో క్రిస్మస్ కేరల్స్ పాడుతూ తిరుగుతారు. ఒకసారి పావుగంట లేటుగా వెళ్తే ఆ మిగిలిన ముప్పావు గంట కూర్చుని వినమన్నారు, గిటార్ ముట్టుకోనివ్వలేదు. అది మాత్రం కొంచెం ఎక్కువే అనిపించింది.

ఫీజు నెలకి 2,500, వారానికి ఒక క్లాసు, పేరుకి గంట, నిజానికి గంటంపావు అవుతుంది. నోట్లే ఇవ్వాలి, ఫోన్ పేమెంట్లు ఆయనకి అలవాటు లేదు. మొదటి క్లాసుకి డబ్బు తీసుకోరు. బేస్ లేకపోతే రెండు నెలల దాకా ఆయన పాత బేస్ మీద నేర్చుకోవచ్చు, దాని తీగలు లావు, వేళ్ళు బొబ్బలెక్కుతాయి, మూడు వారాలకి కాయలు కాస్తాయి, తర్వాత నొప్పి ఉండదు. త్వరగా పది పాటలు వచ్చేసి ఫ్రెండ్స్ ముందు వాయించాలి అనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, మూడో వారంలో మానేస్తారు, నా ముందే ఇద్దరు మానేశారు. వినడం నేర్చుకోవాలి అనుకునేవాళ్ళకి మాత్రం ఈ ఊళ్ళో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. 5కి 4.5 ఇస్తున్నా, ఆ అర మార్కు ఫ్యానుకి తగ్గించా.

పోయిన శనివారం నా క్లాసు అయిపోతుండగా తర్వాతి స్టూడెంట్ వచ్చింది, పన్నెండేళ్ళ పాప, కీబోర్డ్ నేర్చుకుంటుంది, నెల్లూరువాళ్ళు. స్కూల్లో పాడటానికి తనే ఒక పాట కట్టుకుంది, తెలుగులో, వాళ్ళ నాయనమ్మ మీద. కార్డ్స్ ఏం వేయాలో తెలియట్లేదు సార్ అంది. సార్ నా వైపు చూసి "నువ్వు మొదలుపెట్టప్పా" అన్నారు, ఇంకేం చెప్పలేదు. నేను తెరిచిన A తీగ మీటి అవే ఎనిమిది బార్లు మొదలుపెట్టా. పాప రెండుసార్లు విని మూడోసారి అందుకుంది. నాయనమ్మ వంటింట్లో గాజుల చప్పుడు అనే లైను దగ్గర పాట ద లోకి దిగింది, ఆ దిగిన చోట పాప గొంతు కూడా తనంతట తనే తగ్గింది, ఎవరూ చెప్పలేదు. సార్ దువ్వెన తీసి గ్లాసు అందుకున్నారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటి స్లాటు ఒకటి ఖాళీగా ఉందంట, కావాల్సినవాళ్ళు ఈ వారంలోనే అడగండి. వెళ్ళేటప్పుడు మీ సొంత కేబుల్ పట్టుకెళ్ళండి, ఆయన దగ్గరున్నది జాక్ దగ్గర వదులైపోయి మధ్యమధ్యలో కరకరలాడుతోంది.